బిషప్ గారి సగం

చేపల కొట్టు దగ్గర వరసలో నిలబడి మిసెస్ పీచీ మా ఆవిడతో అన్నదట, మా ఆవిడ ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరుగుతూ నాతో అన్నది. రంగులు వేసే హెస్టర్ థర్లో, చనిపోయిన బిషప్ గారి చిహ్నం ఉండే డాలు సగమే వేసి ఊరుకుందనీ, రెండో సగం వలిచిన కోడిగుడ్డులా తెల్లగా ఉందనీ, తను పనిగది కిటికీలోంచి కళ్లారా చూసిందనీ. తప్పు హెస్టర్‌ది కాదట. లండన్‌లో చిహ్నాలు రాసిచ్చే ఆఫీసువాళ్లు కాగితం పంపకుండా నిద్రపోతున్నారట. ఆ ఆఫీసులో టీ తాగడానికి ఒక పూట, తాగిన కప్పు కింద పెట్టడానికి ఇంకో పూట పడుతుందని కూడా అన్నదట.

నేను ఉల్లి తొక్కలు ఏరి బయట పారేసి వచ్చాను. ఆ కాగితం మార్చి నెలలోనే వచ్చింది. తీసుకెళ్లి హెస్టర్ చేతిలో పెట్టింది నేనే.

నేను హార్న్‌మియర్ కెథెడ్రల్‌లో వెర్జర్ని. తలుపులు తీయడం, కొవ్వొత్తులు వెలిగించడం, ఆరాధన వేళ బిషప్ గారి ముందు వెండి పొన్ను కర్ర పట్టుకుని నడవడం, మిగతా వేళల్లో గబ్బిలాల రెట్ట కడగడం నా పని. ఆఫీసుకొచ్చిన టపా ఎవరిది వాళ్లకి అందించడం కూడా నా మెడకే చుట్టారు. మార్చిలో వచ్చిన పొడుగాటి గొట్టం మీద ఎర్ర లక్క ముద్ర ఉంది. ముద్ర చూడగానే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది.

మా ఉత్తరపు నడవ గోడకి నలభై రెండు డాళ్లున్నాయి. ఓకు చెక్క మీద సుద్ద పూత వేసి, దాని మీద రంగులు, బంగారు రేకు. బిషప్ పోయిన మరుసటి ఏడు ఆయన డాలు గోడకెక్కుతుంది. ప్రతి డాలూ నిలువునా రెండు సగాలు. మనం ఎదురుగా నిలబడితే ఎడమ సగం డయాసిస్‌ది, అంటే బిషప్ ఏలే మండలానిది, నీలం మీద మూడు వెండి మలుగు చేపలు, మధ్యన బంగారు తాళం చెవి. కుడి సగం బిషప్‌ది, ఆయన ఇంటి చిహ్నం ఏదైతే అది. మొగుడూ పెళ్లాల చిహ్నాలు ఒకే డాలులో పక్కపక్కన వేస్తారు కదా, ఇదీ అంతే. బిషప్‌కీ డయాసిస్‌కీ పెళ్లయినట్టే లెక్క. మొదటి డాలు నుంచి ఈనాటిదాకా మలుగులు కదల్లేదు. వాటి పక్కన చేరిన మొగుళ్లే మారారు. సింహం, మూడు గోధుమ పనలు, పంది తల, ఒకాయనకైతే నాలుగు గుర్రపు నాడాలు.

ఇంటి చిహ్నం లేనివాడు బిషప్ అయితే లండన్‌కి రాసి తెప్పించుకోవాలి. కొందరు బద్ధకించి అది లేకుండానే పోతారు, అప్పుడు ఇంటివాళ్లు తెప్పిస్తారు. కాగితం వచ్చేదాకా కుడి సగం తెల్లగా వదిలేసి డాలు గోడకెక్కించడం మా దగ్గర ఆనవాయితీ. హెస్టర్ తండ్రి కాలంలో ఒక డాలు పదకొండేళ్లు అలాగే ఉంది, గుర్రం వెయ్యాలా జింక వెయ్యాలా అని ఆ బిషప్ గారి అన్నదమ్ములు కొట్టుకున్నారు. అందుకే తెల్ల సగం చూస్తే హార్న్‌మియర్‌లో ఎవరికీ అనుమానం రాదు. కాగితం రాలేదు కాబోలు అనుకుని టోపీ పెట్టుకుని వెళ్లిపోతారు.

ఆ డాళ్లు నాలుగు తరాలుగా థర్లోల చేతి పని. కెథెడ్రల్ వెనక సందులో వాళ్లుండే ఇల్లు చాప్టర్‌ది, అంటే కెథెడ్రల్ పెద్ద డీన్ గారూ మరో ఐదుగురు గురువులూ కూర్చునే సభది. పని చేసినన్నాళ్లు ఇల్లు, అదీ ఒప్పందం. హెస్టర్‌కి నలభై రెండు. తండ్రి తోలు ఏప్రనే కట్టుకుంటుంది, తండ్రిలాగే బ్రష్షు పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడుతుంది, ఆ మాటలూ తక్కువే.

పోయిన బిషప్ ఎవరార్డ్ స్టాన్యన్ గారు. పంతొమ్మిదేళ్లు ఇక్కడ ఏలారు. పొడగరి, మంచి గొంతు. మనుషుల పేర్లు మరిచినా వాళ్ల కుక్కల పేర్లు మరవరు. ఆయన పోయినప్పుడు బీట్‌దుంపల చేలల్లో పనిచేసే మొరటువాళ్లు కూడా టోపీలు తీసి ఏడ్చారు. హెస్టర్ ఏడవలేదు. ఎందుకో ఊళ్లో నలుగురికే తెలుసు. ఆ నలుగురిలో ఇద్దరు పోయారు.

హెస్టర్ తమ్ముడు ఆబ్రీ కెథెడ్రల్ పాటల బృందం క్వయర్‌లో పాడేవాడు. వాడు పాడితే నేను కొవ్వొత్తి ఆర్పడానికి ఎత్తిన గొట్టాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి. పదమూడో ఏట వాడు పాడటం మానేశాడు. గొంతు మారిందన్నారు. గొంతు కాదు. సంగీతం మాస్టర్ సాధన పేరుతో వాణ్ణి ఒక్కణ్ణే తన దగ్గర ఉంచుకునేవాడు. తండ్రి జోసయ్య థర్లోకి వాడు ఎంత చెప్పాడో, ఎలా చెప్పాడో నాకు తెలీదు. ఆయన ఆదివారం కోటు తొడుక్కుని బుధవారంనాడు బిషప్ గారింటికి వెళ్లాడు. నెల తిరక్కుండా మాస్టర్‌కి ఇంకో ఊళ్లో ఇంతకంటే పెద్ద ఆర్గన్ దగ్గర ఉద్యోగమైంది. వీడ్కోలు విందులో మలుగులు కూరిన పై వంటకం వడ్డించారు. బిషప్ గారు లేచి ఆయన సేవలకి దేవుడికి వందనాలు చెప్పారు. అక్కడితో అయిపోయింది. నాలుగేళ్ల తర్వాత జనవరిలో ఒక పొద్దున ఆబ్రీ లాకుల దగ్గర కాలవలో తేలాడు. మంచు మీద కాలు జారిందని రాసుకున్నారు. పాతిపెట్టే ప్రార్థన బిషప్ గారే చేశారు, చాలా బాగా చేశారు కూడా. జోసయ్య ఆ తర్వాత ఏడేళ్లు బతికాడు. మనిషి బతికాడంతే.

ఇప్పుడు ఆ బిషప్ డాలు హెస్టర్ చేతుల మీదుగా గోడకెక్కాలి. వంద రెండువందల ఏళ్ల తర్వాత వచ్చేవాడు దాన్ని చూసి, ఇతను కూడా మిగతా నలభై ఇద్దరిలాంటి వాడే అనుకుంటాడు. హెస్టర్‌ని నమిలేస్తున్నది అదే. నాకు పైకి చెప్పలేదు. మార్చిలో గొట్టం ఇచ్చినప్పుడు లక్క పగలగొట్టి, కాగితం విప్పి, ఒక్కసారి చూసి, చుట్టి సొరుగులో వేసింది.

"ఎవరైనా అడిగితే?" అన్నాను.

"అడగరు" అంది.

నిజమే, అడగలేదు. నవంబరులో సకల పరిశుద్ధుల ఆదివారం డాలు గోడకెక్కించారు. కొక్కేనికి తగిలించింది నేనే. పైకెత్తి పట్టుకున్నప్పుడు కిటికీ వెలుతురు దాని మీద పడి తెల్ల సగం తళుక్కుమంది. కాగితం కోసం ఆగిన సగాన్ని థర్లోలు పచ్చి సుద్దగానే ఉంచుతారు, రేపు దాని మీద రంగు పట్టాలి కదా. ఇది పచ్చిగా లేదు. అంచులదాకా వార్నిష్ కొట్టి ఉంది. అంటే పని ముగిసిందన్నమాట. కిందికి చూస్తే హెస్టర్ స్తంభం పక్కన నిలబడి నన్నే చూస్తోంది. నేను డాలు సరిగ్గా నిలిపి నిచ్చెన దిగాను.

డీన్ గారు లండన్ ఆలస్యానికి సభాముఖంగా క్షమాపణ చెప్పారు. జనం మెల్లగా నవ్వారు. ముందు వరసలో కూర్చున్న బిషప్ గారి భార్య మిసెస్ స్టాన్యన్ మాత్రం నవ్వలేదు. బూడిద రంగు చేతితొడుగులు ఒక్కో వేలే లాగి తీసి, మళ్లీ ఒక్కో వేలే తొడుక్కుంది.

గురువారం ఆమె డీన్ గారి గదికి వచ్చింది. అరవలేదు, కేకలెయ్యలేదు. చిహ్నం మార్చిలో పంపామని లండన్‌వాళ్లు రాసిన ఉత్తరం బల్ల మీద పెట్టి, దాని మీద కళ్లద్దాల పెట్టె పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుందట. ఆమె వెళ్లాక డీన్ గారు నన్ను పిలిచారు.

ఈ డీన్, గారడ్ గారు, వచ్చి మూడేళ్లే. చెడ్డవాడు కాదు. నలుగురు చుట్టూ మాట్లాడుతూ ఉంటే తప్ప ధైర్యం రాని మనిషి.

"మిస్టర్ ఫిచ్, ఆ గొట్టం మనకి వచ్చిందా?"

రాలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. టపాలో పోయిందనుకునేవాళ్లు. మళ్లీ రాయించుకునేవాళ్లు, ఏడాది గడిచేది, రెండేళ్లు గడిచేవి, ముసలావిడకి ఎనభై ఒకటి. ఇదంతా నాకు అప్పుడే తోచింది, తర్వాత తోచిందని అబద్ధం చెప్పను. కానీ ఇరవయ్యేళ్లుగా డీన్లు అడిగితే జవాబు చెప్పే నోరిది. దానంతటదే తెరుచుకుంది.

"మార్చి పదో తారీఖున వచ్చిందండి. నేనే తీసుకెళ్లి ఇచ్చాను."

ఇద్దరం కలిసి వెనక సందుకి నడిచాం. పొగమంచు నేలకి దిగి ఉంది. హెస్టర్ ఎవరిదో సమాధి ఫలకానికి అక్షరాలు దిద్దుతోంది. మమ్మల్ని చూసి బ్రష్షు నోట్లోంచి తీసింది.

"కాగితం వచ్చిందటగా, మిస్ థర్లో" అన్నారు డీన్ గారు.

"వచ్చింది." సొరుగు లాగి, తీసి, బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రంగు సీసాలు పెట్టింది. "ఎర్ర నేల, వెండి గొర్రెపిల్ల. గీసినవాడెవడో బాగా గీశాడు."

"మరి ఎప్పుడు వేస్తారు?"

"వెయ్యను."

"పని సగంలో ఉంది కదండీ."

"లేదు, అయిపోయింది. వార్నిష్ కూడా కొట్టాను. బిషప్ లేని రోజుల్లో డయాసిస్ చిహ్నం ఒక్కటే వాడతారు, పక్కన ఎవరినీ వెయ్యరు. మీకు తెలీనిది కాదు. ఆ పంతొమ్మిదేళ్లూ ఇక్కడ బిషప్ లేడు, డీన్ గారూ. నేను వేసింది అదే."

డీన్ గారు చూసుకోకుండా ముక్కాలి పీట మీద కూర్చున్నారు. దాని మీద నీలం ఆరలేదు. ఎందుకని అడిగారు. హెస్టర్ చెప్పింది. ఊళ్లో చేపల ధరలు చెప్పినట్టు చెప్పింది, ఎక్కడా ఆగలేదు, ఎక్కడా గొంతు పెంచలేదు. మాస్టర్ సంగతి, తండ్రి ఆదివారం కోటు సంగతి, మలుగుల విందు సంగతి, లాకుల సంగతి. డీన్ గారి మొహం సుద్ద పూతలా అయింది. ఆయన ఇలా అన్నారు.

"నేను మిమ్మల్ని నమ్మడంలేదని కాదు. మిగతా ఐదుగురు నన్ను అడుగుతారు. చనిపోయినవాడి మీద, ఎదురుగా ఆయన భార్య కూర్చుని ఉండగా. ఆ రోజుల్లో చూసినవాళ్లు, విన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఒక్కరు వచ్చి చెబితే చాలు. ఆ గొర్రెపిల్లని గోడ మీదకి రానివ్వను. ఇది నా మాట."

హెస్టర్ బ్రష్షుని టర్పెంటైన్‌లో కడుగుతోంది. తలెత్తలేదు.

నేను గుమ్మం దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. పనిలో చేరి రెండు నెలలు. ఒక సాయంత్రం పాటల గదికి తాళం వెయ్యబోతే లోపల గడియ పెట్టి ఉంది. తలుపు కొట్టాను. మాస్టర్ తీశాడు, చొక్కా లోపలికి దోపుకుంటూ. వెనకాల ఆబ్రీ గోడ వైపు తిరిగి ఉన్నాడు. మాస్టర్ నాకు శుభ సాయంత్రం చెప్పాడు. నేనూ చెప్పాను. చెప్పి తాళాలు తీసుకుని వెళ్లిపోయాను. బిషప్ గారింటికి పోయే ముందు జోసయ్య థర్లో నా దగ్గరికి వచ్చాడు, ఆ ఆదివారం కోటుతోనే. ఆమోస్, తలుపుల దగ్గర తిరిగేవాడివి నువ్వు, ఏమైనా చూశావా, చూసుంటే నాతో రా, అన్నాడు. నేనేమీ చూడలేదన్నాను. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి, సరే నాయనా, అని ఒంటరిగానే వెళ్లాడు. మా పెద్దమ్మాయి అప్పుడు మా ఆవిడ కడుపులో ఉంది.

ఇదంతా ఆ గుమ్మంలో నా గొంతుదాకా వచ్చింది. చెబితే, ఇన్నేళ్లూ ఏం చేశావని అడుగుతారు. కర్ర పట్టుకుని ఆ బిషప్ ముందే పంతొమ్మిదేళ్లు నడిచావు కదా అంటారు. ఇంకో మూడేళ్లలో పింఛను. టోపీ అంచు వేళ్ల మధ్య ఒక చుట్టు తిరిగింది.

"ఎవరూ లేరా?" అని డీన్ గారు మళ్లీ అడిగారు, ఈసారి ఇద్దరినీ చూస్తూ.

హెస్టర్ బ్రష్షు తుడిచి మిగతావాటి పక్కన పెట్టింది. నేను టోపీ పెట్టుకున్నాను. డీన్ గారు లేచారు. ఆయన నల్లకోటు వెనక పెద్ద నీలం మచ్చ. దానితోనే ఆయన సందు దాటి, పచ్చిక దాటి వెళ్లారు. నేను వెనకే నడిచాను, మచ్చ సంగతి కూడా చెప్పలేదు.

డిసెంబరులో పీటర్‌బరో నుంచి ఒకతను వచ్చాడు. మోటారు సైకిలు మీద వచ్చి, ఒక్క పూటలో పని ముగించుకుని పోయాడు. డాలు దింపే పని కూడా పెట్టుకోలేదు. నిచ్చెన ఎక్కి, రాపిడి కాగితంతో హెస్టర్ వార్నిష్ అంతా గీకాడు. నిచ్చెన పట్టుకుంది నేను. తెల్లటి పొడి నా చేతుల మీద, భుజాల మీద, కనురెప్పల మీద రాలింది. తర్వాత ఎరుపు వేశాడు, దాని మీద గొర్రెపిల్ల. క్రిస్మస్ ముందు ఆదివారం మిసెస్ స్టాన్యన్ వచ్చి దాని కింద చాలాసేపు కూర్చుంది, చేతితొడుగులు తీయకుండా. మిసెస్ పీచీ బయటికొచ్చాక మా ఆవిడ చెవిలో, అది గొర్రెపిల్లలా లేదు, స్నానం చేయించిన కుక్కలా ఉంది, అయినా ఆయనకి కుక్కలంటే ఇష్టమేగా, అన్నదట. మా ఆవిడ ఆ మాట నాతో చెప్పి తనే నవ్వింది.

పని చెయ్యనన్నవాళ్లకి ఇల్లుండదు. చాప్టర్‌వాళ్లు దయగా ఫిబ్రవరి రెండుదాకా గడువిచ్చారు. ఉత్తరం తీసుకెళ్లి ఇచ్చింది కూడా నేనే. హెస్టర్ దాన్ని నిలబడే చదివి మడిచింది.

గడువు రోజు వాళ్ల పినతల్లి కొడుకు దుంపల లారీ తెచ్చాడు. మా ఆవిడ ఊరుకోలేక దారిలో తినడానికి పై వంటకం చేసి గుడ్డలో కట్టుకుని వచ్చింది, నేను మోతకి వచ్చాను. మిసెస్ పీచీ చూడ్డానికి వచ్చింది. నాలుగు తరాల సామాను ఎంతో లేదు. రంగులు నూరే రాయి, సుద్ద గిన్నెలు, బంగారు రేకులు పరుచుకునే తోలు దిండు, వాటికి అంటుకున్న రంగులే ఎక్కువ. మలుగుల అచ్చు కాగితం ఒకటుంది, సూదితో బెజ్జాలు పొడిచి, ముత్తాత చేసింది. దాన్ని హెస్టర్ లారీ ఎక్కించలేదు, ఖాళీ బల్ల మీద వదిలేసింది. అది కెథెడ్రల్‌దట. ఎక్కడికి పోతావని మా ఆవిడ అడిగింది. మార్చ్ అనే ఊళ్లో దుకాణాలకి బోర్డులు రాసే చోట పని ఉందని చెప్పింది.

చివరి పెట్టె నేనూ ఆమే చెరో వైపు పట్టుకుని లారీ మీదకి ఎత్తాం. డ్రైవరు ఇంజను తిప్పబోతున్నాడు. ఇంకేమీ అనకుండా ఉండవలసింది. కానీ ఆ మౌనం నాకు పడలేదు, ఏదో ఒకటి చెప్పి తేలికపడదామనిపించింది.

"ఆ కాగితం సంగతి, హెస్టర్. కావాలని చెప్పలేదు. డీన్ గారు సూటిగా అడిగారు. అబద్ధం ఆడటం నా వల్ల కాదు, నీకు తెలుసుగా."

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, మంచి మాట అన్నావన్నట్టు. మిసెస్ పీచీ తల ఊపింది. హెస్టర్ ఏప్రన్ విప్పి, చుట్టి, లారీ సీటు మీదకి విసిరి నా వైపు తిరిగింది.

"మా నాన్న అడిగిన రోజు నీ వల్ల అయిందిగా" అంది.